పటిక, చింతపండు, బ్యాలెట్ పుస్తకం

1945 జనవరిలో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. పిల్లల పళ్లు పుచ్చకుండా ఆ పని చేసిన తొలి నగరం ప్రపంచంలో అదే. లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము, కొలిచి మరీ కలిపారు. అదే ఫ్లోరైడ్ మోతాదు మించితే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు హైదరాబాద్ సంస్థానంలో ఉందని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం అచ్చయిందీ ఆ ఏడాదే. ఆ సంస్థానంలోని నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడ్‌ను ఎవరూ కలపలేదు, ఎవరూ కొలవలేదు. గ్రానైటు రాళ్ల సందుల్లోంచి అది ఊటతో పాటు ఊరి బావిలోకి దిగింది. పిల్లల పళ్ల మీద గారలు కట్టి, పెద్దల వెన్నులు వంగి, కీళ్లు బిగుసుకుపోయాయి.

పదేళ్ల తర్వాత, 1955 డిసెంబరులో, నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ అనే వైద్యుడు రాసిన పరిశోధనను బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. సరిగ్గా ఆ నెల పదో తేదీనే ప్రధాని నెహ్రూ కృష్ణా నది మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. జబ్బు పేరు, కారణం లండన్ దాకా తెలిశాయి. కృష్ణా నీళ్లు కూడా జిల్లాకు వచ్చాయి, పల్లపు పొలాలకు. మునుగోడు, మర్రిగూడ వంటి మెట్ట ఊళ్లకు మాత్రం బోరింగు నీళ్లే దిక్కయ్యాయి.

కాలువల కథ అక్కడితో ఆగలేదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ పల్లెల్లో ఒక కొత్త వైకల్యాన్ని గుర్తించి లాన్సెట్‌లో రాశారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. జలాశయం వల్ల భూమిలో నీటిమట్టం పెరిగి, నేల క్షారగుణం మారి, జొన్నల్లోకి మాలిబ్డినం ఎక్కువగా చేరుతోందనీ, ఒంట్లోని రాగి బయటికి పోతోందనీ ఆ సంస్థ పరిశోధకులు తర్వాత వివరించారు. ఫ్లోరైడ్ ఒక్కటే చేయని హాని, తిండి గింజ తోడైతే జరిగిందన్నమాట. ఆనకట్టల మేలు ఎకరాల్లో లెక్క కట్టిన ఆ రోజుల్లో పిల్లల కాళ్లను లెక్కలోకి తెచ్చిన ఈ పరిశోధన మన పాఠ్యపుస్తకాల్లోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

మన జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం పటిక వల్ల. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 1970లలో ఒక పద్ధతి రూపొందించింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెట్టాలి. గడ్డ కట్టిన మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైనీళ్లు వడకట్టుకుని తాగాలి. దీనికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. కిలిమంజారో చుట్టుపక్కల టాంజానియా పల్లెల్లో దీన్ని బకెట్లలో చేసే ఏర్పాటు 1990లలో జరిగింది. పద్ధతి మంచిదే. అయితే నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలి, మడ్డిని రోజూ ఎత్తిపోయాలి, ఆ పనికి ఒక మనిషి కావాలి. పల్లెలో ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు ఏ ప్రయోగశాలా జవాబు చెప్పలేదు.

ఒంట్లోని ఫ్లోరైడ్‌ను చింతపండు బయటికి పంపుతుందా అని పరిశోధించింది హైదరాబాద్ పోషకాహార సంస్థే. రోజూ పది గ్రాముల చింతపండు తిన్న బాలురకు మూత్రంలో ఎక్కువ ఫ్లోరైడ్ పోతోందని 2002లో తేల్చారు. మన పచ్చిపులుసుకు అది గౌరవమే. ఎంత చింతపండు పిసికినా బోరింగు నీళ్లు మాత్రం మారవు.

నీళ్లు మారాలని జనం ఓటుతో అడిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వాన మంచినీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి నిరసనగా నామినేషన్లు వేయించింది. నల్గొండ స్థానంలో ఏకంగా 480 మంది అభ్యర్థులు నిలిచారు. పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. గెలిచింది కమ్యూనిస్టు నేత బొమ్మగాని ధర్మభిక్షం. ఆ తర్వాత పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. అడిగింది మంచినీళ్లు, మొదట మారింది ఎన్నికల చట్టం. ఆ అవమానాన్ని నల్గొండ మరిచిపోకూడదు.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వెలిసింది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం చెప్పింది. నల్లా నీళ్లు తాగి పెరుగుతున్న పిల్లల పళ్లు తెల్లగా ఉంటే అంతకు మించిన సంతోషం లేదు. వంగిన వెన్ను మాత్రం నల్లా నీళ్లతో నిటారు కాదు. ఫ్లోరోసిస్ బారిన పడినవాళ్ల పింఛను, వైద్యం ప్రభుత్వం బాధ్యతగానే ఉండాలి. పొలాల్లో బోర్లు ఇంకా నడుస్తున్నాయి. దప్పికైతే కూలీలు తాగేది ఆ నీళ్లే కాబట్టి వాటి పరీక్షలు ఆగకూడదు.

జబ్బుకు కారణం 1945లోనే తెలిసి, నీటిని బాగుచేసే పద్ధతి 1970లలో చేతికొచ్చి, నీళ్లు 2015 తర్వాత వచ్చాయి. ఈ డెబ్బై ఏళ్ల చరిత్ర వైద్య పత్రికల్లో ఇంగ్లిషులో ఉంది. దాన్ని ఒంటితో మోసిన మనుషుల మాటల్లో, మన భాషలో, చాలా తక్కువగా ఉంది. నల్గొండ, పొరుగున ఉన్న పాలమూరు ఉపాధ్యాయులకు, రచయితలకు మా మనవి ఒక్కటే. మీ ఊరి పెద్దలు ఏ బావి నీళ్లు తాగారో, ఎప్పుడు నడుము వంగిందో, ఎవరొచ్చి చూసి వెళ్లారో అడిగి రాసి పంపండి. అచ్చు వేసే బాధ్యత మాది.