భాష మారినచో లెక్క మారునా?

నేటి విద్యార్థి లోకమున ఒక నమ్మకము బలముగా నాటుకొని ఉన్నది. ఫలానా ప్రోగ్రామింగ్ భాష నేర్చినచో చాలును, సాఫ్ట్‌వేర్ చిక్కులన్నియు వానంతట అవే విడిపోవునట! నిన్న జావా, నేడు పైథాన్, రేపు రస్ట్. అమీర్‌పేట గోడల మీది ప్రకటనలు మారిన కొలదియు మన నోటు పుస్తకములును మారుచున్నవి. ఈ పరుగును మేము ఆక్షేపించుచున్నాము.

1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానా నుండి ఎగిరిన ఏరియన్ 5 రాకెట్టు సంగతి చూడుడు. సుమారు 40 సెకండ్లకే అది దారి తప్పి ఆకాశమున తునాతునకలైనది. దాని గమనమును కొలుచు ప్రోగ్రాము అడా భాషలో వ్రాయబడినది. పొరపాట్లను ముందే పసిగట్టవలెనను సంకల్పముతో అమెరికా రక్షణ శాఖ ప్రత్యేకముగా రూపొందింపజేసిన భాష అది. మరి లోపమెక్కడ? ఏరియన్ 4 కొరకు వ్రాసిన భాగమును యథాతథముగా కొత్త రాకెట్టులో అమర్చిరి. కొత్తదాని అడ్డువేగము పాతదానికన్న త్వరగా పెరుగును. 16 బిట్ల అరలో పట్టు గరిష్ఠ సంఖ్య 32,767. అంతకు మించిన విలువ వచ్చి పడినది. 7 చలరాశులలో 4 రాశులకు రక్షణ కల్పించి, కంప్యూటరుపై భారము పెరుగునని తక్కిన 3 రాశులను విడిచిపెట్టిరి. వానిలో ఒకటి కొంప ముంచినది. విచిత్రమేమనగా, ఆ లెక్క రాకెట్టు నేల విడిచిన పిమ్మట ఎందుకును పనికిరానిది! అడా తన ధర్మము తాను నెరవేర్చి, ఇది పట్టదని చెప్పనే చెప్పినది. అట్లు చెప్పినపుడు యంత్రము ఆగిపోవలెనని ముందుగా నిర్ణయించినవారు మనుష్యులు. రెండు యంత్రములలోను అదే ప్రోగ్రాము గనుక రెండును ఆగిపోయినవి.

అట్లని భాషలన్నియు ఒక్కటేయని మా వాదము కాదు. 1972 ప్రాంతమున పుట్టిన సి భాషలో, కేటాయించిన చోటు దాటి వ్రాసినను అడ్డుచెప్పువారుండరు. 1988లో ఇంటర్నెట్టును అతలాకుతలము చేసిన మోరిస్ వర్మ్ చొరబడిన దారులలో ఆ సందు ఒకటి. రస్ట్ వంటి భాషలు దానిని చాలవరకు మూసివేయుచున్నవి. ఇది చిన్న మేలు కాదు. కాని కొత్త రాకెట్టు ఎంత వేగముగా పోవునో ఏ భాషయు మన బదులు అడిగి తెలుసుకొనదు.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపము. ప్రయోగశాలకు కంప్యూటర్లు ఇంకను కావలెను, నిజమే. దానితోపాటు వారమునకొక గంట కంప్యూటరు తెరువక, సమస్యను కాగితముపై ఉర్దూలోనో తెలుగులోనో వ్రాయించి, ఏ విలువ ఎంతవరకు పోగలదు, హద్దు దాటిననాడు ఏమి చేయవలెను అను చర్చ జరిపింపవలెను. ఆ గంటకు మార్కులు కూడ ఉండవలెను. లేనిచో మన మిత్రులెవ్వరును రారని మాకు తెలియును.