గార వేరు, మరక వేరు

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో పళ్ళ ప్రస్తావన వస్తే నింద ముందుగా నీటి మీదికే పోతుంది. ఆ నింద నిరాధారమైనది కాదు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఇంకా నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉన్న కాలంలోనే, 1937లో, షార్ట్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్‌ను వైద్య ప్రపంచం దృష్టికి తెచ్చారు. మన దేశంలో ఆ వ్యాధిని గురించి వెలువడిన తొలి వివరణగా దానిని పేర్కొంటారు. 1970లో ఈ తాలూకాలన్నీ ఒక జిల్లాగా ఏర్పడ్డాయి. జిల్లా పేరు మారింది, బోర్ల లోతు పెరిగింది. ఆ నీటి మరక మాత్రం నేటికీ మన పిల్లల పళ్ళ మీద కనిపిస్తూనే ఉంది.

అయితే ఈ నింద చాటున ఒక నష్టం జరుగుతోంది. చిగుళ్ళ నుండి రక్తం కారినా, నోటి దుర్వాసన వచ్చినా, నలభై అయిదేళ్ళకే పళ్ళు కదిలినా "మన నీళ్ళే అంత" అని సరిపెట్టుకుంటున్నాము. నీటిని నిందించిన తరువాత ఇక వైద్యునితో పనేముంది? ఈ నెల మేము చెప్పదలచినది ఇదే: ఫ్లోరైడ్ మరక వేరు, గార వేరు. మొదటిది క్లీనింగ్‌తో పోదు. రెండవది పోతుంది, పోగొట్టకపోతే అది పంటిని తీసుకుని పోతుంది.

రెండింటినీ ఇంట్లోనే కొంతవరకు గుర్తించవచ్చు. ఫ్లోరైడ్ మరక పంటి పింగాణీ పొర తయారయ్యే బాల్యంలోనే, సుమారు ఎనిమిదేళ్ళలోపే, పంటి లోపల పడుతుంది. సుద్ద వంటి తెల్లని చారలుగానో, పసుపు, గోధుమ రంగు మచ్చలుగానో ఎడమ పక్క ఎలా ఉంటే కుడి పక్క కూడా దాదాపు అలాగే ఉంటుంది. గార అలా కాదు. అది పుట్టుకతో రాదు, పైనుండి పేరుకుంటుంది. కింది ముందుపళ్ళ లోపలి వైపు, పై దవడపళ్ళ బుగ్గ వైపు, అంటే ఉమ్మి ఊరే చోట్ల, చిగురు అంచున నాలుకకు గరుకుగా తగులుతుంది. ఒకే నోటిలో రెండూ ఉండవచ్చు. మన ప్రాంతంలో చాలామందికి ఉన్నవి రెండూను.

రోజూ పళ్ళ మీద చేరే మెత్తని పాచిని తీయకపోతే కొద్ది రోజుల్లోనే అది ఉమ్మిలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. ఆ గరుకు మీద మరింత పాచి నిలుస్తుంది. పాచిలోని సూక్ష్మక్రిములపై శరీరం చేసే పోరాటంలో చిగురు వాస్తుంది, రక్తమోడుతుంది, చివరకు పంటిని విడిచి సంచిలా తెరుచుకుంటుంది. ఆరోగ్యవంతమైన చిగురుకు, పంటికి మధ్య సందు 1 నుండి 3 మిల్లీమీటర్లు. అది 4, 5, 6 అవుతున్న కొద్దీ లోపల దవడ ఎముక కరుగుతుంది. పిప్పిపన్ను రాత్రంతా నిద్రపట్టనివ్వదు కనుక మనము పరుగెడతాము. చిగుళ్ళ వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే తన పని చేసుకుపోతుంది.

డీప్ క్లీనింగ్ అన్నది ఆ సంచి లోపల చేసే శుభ్రత. మామూలు క్లీనింగ్‌లో చిగురు పైన కనిపించే గారను తీస్తారు. ఇందులో సన్నని కొలబద్ద వంటి పరికరంతో ప్రతి పంటి చుట్టూ లోతు కొలుస్తారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తరువాత ప్రకంపనలతో పనిచేసే యంత్రంతోను, చేతి పరికరాలతోను చిగురు కింద వేరు మీద పట్టిన గారను గీకి తీసి, వేరు ఉపరితలాన్ని నునుపు చేస్తారు. నోటిని రెండు లేక నాలుగు భాగాలుగా చేసుకుని వేర్వేరు రోజుల్లో చేయడం పరిపాటి. నాలుగు నుండి ఎనిమిది వారాల తరువాత మళ్ళీ కొలిచి చూస్తారు. ఆ కొలత లేనిదే చికిత్స పూర్తి కాదు. మనవారు ఎగవేసేది సరిగ్గా దానినే.

ఇది కొత్తగా పుట్టిన వ్యాపారం కాదు. వెయ్యేళ్ళ క్రితం కార్డోబాలో శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో పళ్ళ లోపల, వెలుపల, చిగుళ్ళ కింద పేరుకునే గారను వర్ణించి, దానిని గీకే పరికరాల బొమ్మలు ఒకటి కాదు, పలు రకాలవి గీసి చూపారు. ఒక్కరోజులో పోకపోతే మరునాడు, ఆ మరునాడు మళ్ళీ గీకమన్నారు. విడతలవారీ చికిత్స అనగానే డబ్బు గుంజడానికే అని అనుమానించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక అందరినీ ఆపుతున్న భయం: "క్లీనింగ్ చేయించుకుంటే పళ్ళు వదులవుతాయి." ప్రతి ఇంట్లోనూ ఒక ఖాలాజాన్ అనుభవం దీనికి సాక్ష్యంగా వినిపిస్తుంది. ఆమె అబద్ధమాడడం లేదు. ఎముక ఏనాడో కరిగిన పళ్ళను గార సిమెంటులా ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. గార తీసినప్పుడు ఆ అతుకు పోయి, ఉన్న కదలిక బయటపడుతుంది. వాపు తగ్గడంతో చిగురు కిందికి జరిగి పళ్ళు పొడవుగా కనిపిస్తాయి, సందులు తెరుచుకుంటాయి. కొన్ని వారాలు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. చూసేవారికి క్లీనింగే పళ్ళను పాడుచేసినట్లు తోస్తుంది. ఎముకను కరిగించినది గార మీది పాచి, గార తీసిన చేయి కాదు. వాపు తగ్గాక చిగురు పంటిని మళ్ళీ బిగించి పట్టుకుంటుంది, కొద్దిగా కదిలే పళ్ళు చాలాసార్లు గట్టిపడతాయి. అయితే ఈ సంగతిని వైద్యులు ముందే చెప్పకపోవడం వారి లోపమని మేము భావిస్తున్నాము.

ఈ చికిత్సను ఉన్నదానికన్నా గొప్పగా చెప్పడం కూడా సరికాదు. పోయిన ఎముక తిరిగి రాదు. అమెరికా దంతవైద్య సంఘం 2015లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం దీనివల్ల చిగురు పంటిని తిరిగి పట్టుకోవడంలో కలిగే మెరుగుదల సగటున అర మిల్లీమీటరు. చిన్న సంఖ్యే, కాని ఏటేటా జారిపోతున్నది ఆగి అర మిల్లీమీటరు వెనక్కి రావడమంటే ఆ పన్ను మరెన్నో ఏళ్ళు నమలగలదు. సంచులు మరీ లోతైతే శస్త్రచికిత్స కావాలి. పూర్తిగా వదులైన పంటిని ఏ క్లీనింగూ నిలపలేదు. అలాగే లోతు కొలవకుండానే "మీకు డీప్ క్లీనింగ్ చేయాలి" అనేవారిని "ఎన్ని మిల్లీమీటర్లు ఉంది డాక్టరుగారూ?" అని అడిగే హక్కు మనకున్నది. సంచులు లేని నోటికి మామూలు క్లీనింగ్ చాలు.

ఇంట్లో షుగరు రోగి ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళ వ్యాధి ముదురుతుంది, చిగుళ్ళలోని వాపు షుగరును అదుపులోకి రానివ్వదు. 2022లో వెలువడిన కొక్రేన్ సమీక్ష 35 పరిశోధనలను పరిశీలించింది. చిగుళ్ళ చికిత్స పొందిన షుగరు రోగులకు మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం మేర తగ్గిందని తేల్చింది. షుగరు మాత్రలు, రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు, గుండె కవాటం మార్పిడి జరిగినవారు ఆ సంగతి దంతవైద్యునికి ముందే చెప్పాలి.

పొగాకు విషయం వేరుగా చెప్పాలి. పొదిలి, కనిగిరిలలో వేలం కేంద్రాలున్న జిల్లా మనది. పొగతాగేవారి చిగుళ్ళ నుండి రక్తం తక్కువగా కారుతుంది, కనుక వారు తమ చిగుళ్ళు భేషుగ్గా ఉన్నాయనుకుంటారు. లోపల ఎముక ఇతరులకన్నా వేగంగా పోతుంటుంది. బీడీ, గుట్కా మానకుండా చేయించుకున్న క్లీనింగ్ ఫలితం సగంలోనే ఆగిపోతుంది.

మరి మిస్వాక్ మాటేమిటి? దైవప్రవక్త (స) ఎంతగానో ప్రోత్సహించిన ఈ అలవాటు మెత్తని పాచిని తొలగించడంలో బాగా పనిచేస్తుంది. వేప, కానుగ పుల్లలు కూడా అంతే. రాయిలా గట్టిపడి చిగురు కింద దాగిన గారను మాత్రం పుల్ల గాని, బ్రష్ గాని చేరలేవు. చేరాలని బలంగా రుద్దితే చిగురే అరుగుతుంది. హనఫీ మార్గంలో ఉమ్మి కంటే రక్తం ఎక్కువైతే వుజూ భంగమవుతుంది కనుక, రక్తం కారుతుందని కొందరు పెద్దలు మిస్వాక్‌నే మానుకుంటారు. రక్తం కారే చిగురుకు శుభ్రత మరింత అవసరం. మెత్తగా, కాని విడవకుండా తోముకోవాలి.

ఒక మాట ఇంటి యజమానులకు. తమ పంటికి క్యాపు వేయించుకోవడానికి ఒంగోలు వెళ్ళివచ్చే పురుషులు, ఇంట్లో అమ్మకు, భార్యకు నోట రక్తం కారితే ఉప్పునీళ్ళు పుక్కిలించమంటారు. మహిళా దంతవైద్యులు ఇప్పుడు అరుదేమీ కాదు, అడిగితే దొరుకుతారు. ఖర్చు భరించలేనివారికి విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం వారికి గుంటూరు వైపు రైలు ఉండనే ఉంది. రెండు మూడు విడతలు వెళ్ళవలసి వస్తుంది కనుక రమజాన్‌కు ముందే మొదలుపెట్టడం మంచిది. నడుమ ఉపవాసాలు వస్తే ఇఫ్తార్ తరువాతి సమయం ఇవ్వమని వైద్యుణ్ణి అడగవచ్చు. చికిత్స అయిన తరువాత మొదటి ఏడాది మూడు నెలలకొకసారి చూపించుకోవాలి. ఆ తేదీని కరెంటు బిల్లు తేదీ పక్కనే క్యాలెండరులో రాసి పెట్టుకోండి.