వినడానికీ కూలి ఉండాలి

కారులో కొత్తగా ఏదో చప్పుడు మొదలైనప్పుడు మనలో చాలామంది చేసేవి రెండే పనులు. ఒకటి, పాట శబ్దం ఇంకాస్త పెంచడం. రెండవది, మెకానిక్కు దగ్గర బండి ఆపి "బేరింగు పోయినట్టుంది, మార్చెయ్" అని తీర్పు చెప్పడం. మొదటిది తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు. రెండవది కూడా దాదాపు అంతే చేటు చేస్తుందన్నది నా అభిప్రాయం. రోగి వైద్యుడి దగ్గరకు వెళ్లి తన బాధ చెప్పకుండా మందు పేరు చెబితే ఏమవుతుంది? మందు దొరుకుతుంది, బాధ మిగులుతుంది. కారు విషయంలోనూ అంతే. మనం చెప్పవలసింది విడిభాగం పేరు కాదు, చెవిన పడిన చప్పుడు, అది వినబడిన సందర్భం. ఆ తరువాతి పని మెకానిక్కుది. ఆ పనికి విలువ కట్టే అలవాటు మనకు లేకపోవడమే అసలు జబ్బు.

విని రోగం పట్టే విద్య చిన్నదేమీ కాదు. వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు రోగి ఛాతీని వేళ్లతో తట్టి, ఆ ధ్వనిని బట్టి లోపలి స్థితి తెలుసుకోవచ్చని 1761లో పుస్తకం రాశాడు. ఆయన తండ్రి పూటకూళ్ల యజమాని. పీపాలో సారాయి ఎంతవరకూ ఉందో పైనుంచి తట్టి తెలుసుకోవడం ఆ ఇంట పుట్టినవాడికి కొత్త కాదు. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది అలా. మన ఊరి మెకానిక్కు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వింటాడే, అది కూడా ఆ వంశంలోని పరికరమే. ఒకదాన్ని చూస్తే మనకు గౌరవం, మరొకదాన్ని చూస్తే చిన్నచూపు.

కామారెడ్డి జిల్లాలో బాన్సువాడకు సమీపాన ఉన్న నస్రుల్లాబాద్ వంటి చోట ఈ విద్య ఎంత అవసరమో అక్కడి దారులు తెలిసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బీర్కూరు మండలం నుంచి విడదీసి దీన్ని మండలం చేశారు. మంజీరపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ చలువతో ఈ ప్రాంతమంతా వరిసీమ అయింది. వరి ఉన్నచోట కారుకు కష్టాలూ ఉంటాయి. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ల ఇనుప చక్రాలు తారు రోడ్డును గాట్లు పెట్టి పోతాయి. పొలం బురద రోడ్డెక్కి, ఎండి, గడ్డకడుతుంది. కోతలు అయ్యాక రోడ్డు పక్క వడ్లు ఆరబోస్తారు, గడ్డి పడుతుంది. గుంతలో పడ్డ చక్రానికి ఒక చప్పుడు, బురద దూరిన జాయింటుకు ఒక చప్పుడు, బండి కింద చిక్కుకున్న గడ్డికి ఒక చప్పుడు. అన్నింటినీ కలిపి "ఏదో ఆవాజ్ వస్తున్నది" అంటే సరిపోదు.

ఆ గడ్డి "సరసర" సంగతి ముందుగా చెబుతాను. వినడానికి అది అన్నింటిలోకీ మెత్తని చప్పుడు. కానీ గడ్డి పొగగొట్టానికి తగిలి ఉంటే ఆ వేడికి అంటుకోవచ్చు. వెంటనే ఆపి కిందికి వంగి చూడవలసిన చప్పుడు అది. మరోవైపు, చిన్న గులకరాయి ఒకటి బ్రేకు డిస్కుకూ దాని వెనుక రేకుకూ మధ్య ఇరుక్కుంటే చక్రమే ఊడిపోతోందేమో అన్నంత భయంకరంగా అరుస్తుంది. నాలుగడుగులు వెనక్కి నడిపితే చాలాసార్లు అది జారిపోతుంది. చప్పుడు పెద్దదైతే జబ్బు పెద్దది, చిన్నదైతే చిన్నది అన్న లెక్క ఇక్కడ చెల్లదు. అందుకే చప్పుడు తీరును పట్టుకోవాలి.

ఈ తీరును చెప్పడానికి మన భాషలో ఉన్నంత సంపద చాలా భాషల్లో లేదేమోననిపిస్తుంది. ధ్వనిని అనుకరించే జంటపదాలు తెలుగులో కోకొల్లలు. వాటికి "మను" చేర్చితే క్రియ సిద్ధం. బ్రేకు తొక్కినప్పుడు "కీచు"మంటే, ప్యాడ్లు అరిగి వాటికున్న చిన్న లోహపు నాలుక డిస్కుకు తగులుతోందని తొలి అనుమానం. అది చాలా కార్లలో తయారీదారు కావాలని పెట్టిన హెచ్చరిక. ఆ కీచును పట్టించుకోకపోతే కొన్నాళ్లకు "గరగర" అవుతుంది. అంటే ఇనుము ఇనుమును తింటోందన్నమాట. అప్పుడు ప్యాడ్లతోపాటు డిస్కుల ఖర్చు కూడా మన నెత్తిన పడుతుంది. ఒకే చోట పుట్టిన రెండు చప్పుళ్ల మధ్య ఉన్న తేడా అక్షరాల్లోనే తెలుస్తోంది. కీచు సన్నది, గరగర ముతకది.

స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు "టకటక" కొడితే యాక్సిలు చివరి జాయింటును చూడాలి. దానిమీది రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు బయటికి పోయి, బురద, ఇసుక లోపలికి వస్తాయి. తొడుగు చిరిగిన తొలిరోజుల్లోనే పట్టుకుంటే తొడుగుతో, గ్రీజుతో పోతుంది. టకటక వినబడేదాకా ఆగితే జాయింటే మార్చాలి. బండి కదలకుండా నిలిచి ఉన్నా "టిక్కుటిక్కు"మంటూ, ఇంజను వేగంతోపాటు ఆ చప్పుడూ వేగిరపడితే, మరేమీ విప్పకముందు ఆయిలు మట్టం చూడాలి. పొద్దున స్టార్టు చేయగానే కుయ్యోమని అరిచి, కాసేపటికి ఊరుకుంటే బెల్టుమీద కన్నుంచాలి. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో లాగిస్తుంటే "ఖణఖణ"మంటే అది ఇంధనం లోపల వేళకాని వేళ మండుతున్న లక్షణం. వేగంతోపాటు పెరిగే "హోరు" మాత్రం టైరుదో, చక్రం బేరింగుదో తేల్చుకోవలసిన చప్పుడు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

చప్పుడుకు పేరు పెట్టడం సగం పని. మిగతా సగం లెక్క. చిన్న కారు టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఇంచుమించు 1.8 నుంచి 2 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో నడిపితే చక్రం రెండు సెకన్లకు మూడు చుట్ల చొప్పున తిరుగుతుంది. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడే నిమిషానికి 800 చుట్లు, అంటే సెకనుకు 13 చుట్లు తిరుగుతుంది. కాబట్టి నెమ్మదిగా పోతున్నప్పుడు చప్పుడును వేళ్లమీద లెక్కపెట్టగలిగితే అది చక్రంతో తిరిగేదే. టైరు గాడిలో ఇరుక్కున్న రాయి కూడా కావచ్చు. లెక్కకు అందకుండా పరుగెత్తితే ఇంజను వైపు చూడాలి. ఇందుకు పరికరమేదీ అక్కరలేదు. నిర్జనమైన దారి, మూసిన నోళ్లు ఉంటే చాలు.

ఇప్పుడు హోరు సంగతి. మా బావగారి కారు బాన్సువాడ దారిలో 50 దాటగానే హోరుమనేది. ఆయన పట్నంలో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకువెళ్లి "టైర్లు అరిగినట్టున్నాయి" అన్నారు. వాళ్లు బండి నడిపి చూడకుండానే నాలుగు టైర్లూ మార్చారు. హోరు మారలేదు. రెండవసారి షాకబ్జార్బర్లన్నారు. అవి మారినా హోరు మారలేదు. చివరకు నస్రుల్లాబాద్ వైపున్న ఒక పాత ఉస్తాద్ దగ్గర ఆపితే, ఆయన బానెట్ ముట్టుకోలేదు. "సార్, బండి నిలబడ్డప్పుడు వస్తదా, ఉరికినప్పుడే వస్తదా? క్లచ్చు తొక్కితే పోతదా? మలుపు కాడ తగ్గుతదా, పెరుగుతదా?" అని అడిగి, పక్క సీటులో కూర్చొని, "పోనియ్యుండ్రి" అన్నాడు.

ఆ ప్రశ్నల్లో ఒక్కటీ ఊసుపోకకు అడిగింది కాదు. నిలబడ్డప్పుడు రాకపోతే ఇంజనుమీద అనుమానం తగ్గుతుంది. వేగంగా పోతూ క్లచ్చు తొక్కి, ఇంజను నెమ్మదించినా హోరు అలాగే ఉంటే చక్రాల వైపే వేలు చూపుతుంది. కొత్త తారుమీదా, గరుకు రోడ్డుమీదా ఒకేలా ఉంటే టైరు నిర్దోషి కావచ్చు. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రాలమీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగును అనుమానించాలి. ఆయన అదే చేశాడు. ఆ తరువాత కుడి ముందు చక్రాన్ని జాకీతో లేపి, ఒక చేత్తో స్ప్రింగును పట్టుకొని మరో చేత్తో చక్రం తిప్పాడు. లోపలి గరుకుదనం స్ప్రింగు గుండా వేళ్లకు తెలిసింది. వినికిడి అంటే చెవి ఒక్కటే కాదు. బేరింగు పూర్తిగా పాడై వదులైతే చక్రం పట్టు తప్పే ప్రమాదం ఉంది. చీకట్లో, ధాన్యం బస్తాల లారీ ఎదురుగా వస్తున్నప్పుడు అది జరిగితే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా మనసొప్పదు. కొత్త టైర్లకు పోసిన డబ్బు ఆ ప్రమాదాన్ని వెంట్రుకవాసి కూడా తగ్గించలేదు.

"ఇదంతా పాతకాలపు మాట, ఇప్పుడు స్కానరు తగిలిస్తే జబ్బు పేరు తెరమీద పడుతుంది" అనేవారున్నారు. స్కానరును నేను తక్కువ చేయను. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్ 6 ప్రమాణాల బండ్లలో అది లేకుండా పని సాగదు. కానీ స్కానరు చదివేది సెన్సార్లు చెప్పిన మాటలను. పొగ, ఇంధనం, మంట, విద్యుత్తు ఇవి దాని రాజ్యం. వదులైన బుష్షుకూ, చిరిగిన రబ్బరు తొడుగుకూ, గరుకెక్కిన బేరింగుకూ మామూలుగా సెన్సారు ఉండదు. అవి కోడు రూపంలో మొర పెట్టుకోలేవు. వాటికి తెలిసిన భాష చప్పుడే.

ఈ భాషను నలుగురూ వినేలా చేసినవాళ్లు అమెరికాలో ఉన్నారు. టామ్, రే మాగ్లియోజీ అనే అన్నదమ్ములు ఇద్దరూ ఎంఐటీలో చదివి, కారు మరమ్మతులు చేసి, 1977లో బోస్టన్ రేడియోలో "కార్ టాక్" మొదలుపెట్టారు. 1987 నుంచి అది దేశమంతటా ప్రసారమైంది. 2012లో కొత్త సంచికలు ఆగాయి, 2014లో టామ్ మరణించాడు. ఫోను చేసినవారు తమ కారు చప్పుడును నోటితో అనుకరించి వినిపించేవారు. అన్నదమ్ములు పగలబడి నవ్వుతూనే ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేగంలో అని అడిగేవారు. నవ్వు చూసి అది వినోద కార్యక్రమమనుకుంటాం గానీ, లోపల జరిగింది రోగనిర్ధారణే. మన ఉస్తాద్ అడిగిన ప్రశ్నలూ అవే.

మరి మన దగ్గర ఈ విద్య ఎందుకు వాడిపోతోంది? మెకానిక్కుల బద్ధకం వల్ల అనడం సులువు. కానీ వాళ్లకు మనం డబ్బు దేనికిస్తున్నామో చూడండి. విడిభాగానికిస్తాం, దాన్ని బిగించినందుకిస్తాం. అరగంట పక్కన కూర్చొని విని, "ఇందులో మార్చవలసిందేమీ లేదు, డిక్కీలో జాకీ వదులుగా ఉంది" అని చెప్పినవాడి చేతిలో ఏం పెడతాం? నవ్వి, చాయ్ తాగించి వెళ్లిపోతాం. విన్నవాడికి చాయ్, మార్చినవాడికి వేలు! ఈ లెక్కలో ఎవడైనా పానా పట్టుకుంటాడు గానీ చెవి ఎందుకు పెడతాడు? పెద్ద వర్క్‌షాపులో గంటకు ఇన్ని బండ్లు దాటించాలన్న తొందర ఉంటే, వినే తీరిక అసలే ఉండదు.

అందుచేత నా మనవి ఇది. బండి అప్పగించేటప్పుడు "ముందు విని చెప్పు, విన్నందుకు ఇంత ఇస్తాను, మార్చాలా వద్దా తరువాత చూద్దాం" అని విడిగా మాట్లాడుకుందాం. ఎంత అన్నది ఊరిని బట్టి, మనిషిని బట్టి. అలా ఇచ్చిన డబ్బు అనవసరపు టైర్ల ఖర్చుముందు ఏపాటిది? మన వంతుగా నాలుగు సంగతులు కాగితంమీద రాసుకుని వెళదాం. చప్పుడు ఎలాంటిది, ఏ మూలనుంచి, ఏ వేగంలో, ఏం చేస్తే పెరుగుతోంది లేదా తగ్గుతోంది. అంతకంటే ముందు డిక్కీ ఖాళీచేసి, తలుపు అరల్లోని సీసాలు తీసేసి ఒకసారి నడిపి చూద్దాం. సగం భూతాలు అక్కడే వదులుతాయి.

విద్యుత్ కార్లు వస్తే ఈ గొడవ ఉండదని ఆశపడేవారికి ఒక మాట. అవి మరీ నిశ్శబ్దంగా ఉండి పాదచారులకు ప్రమాదమని ఐరోపాలో 2019 జూలై నుంచి కొత్త నమూనాలకు, 2021 జూలై నుంచి అక్కడ అమ్మే కొత్త విద్యుత్ కార్లన్నింటికీ తక్కువ వేగంలో కృత్రిమ ధ్వని తప్పనిసరి చేశారు. పైగా ఇంజను హోరు లేనిచోట బేరింగు, బుష్షు, టైరు మరింత స్పష్టంగా వినిపిస్తాయి. చెవికి పని పోలేదు, సులువైంది.

చివరగా, మాటల మీద ప్రేమతో ఒక్క కోరిక. నిజామాబాద్, కామారెడ్డి వైపు మెకానిక్కుల నోట ఉర్దూ, తెలుగు కలిసే పారుతాయి. చప్పుడు ఆవాజ్, లీఫ్ స్ప్రింగులు కమాను కట్టలు, స్పానరు పానా. కోస్తాలోనో, సీమలోనో, ఉత్తరాంధ్రలోనో ఇదే హోరును, ఇదే టకటకను ఇంకేదో అంటూ ఉంటారు. నిఘంటువుల్లోకి ఎక్కని ఆ మాటలు ఉస్తాద్‌ల నోళ్లలో ఉన్నాయి. వాళ్లతోపాటు అవీ పోకముందే, మీ ఊరి షెడ్డులో ఏ చప్పుడును ఏమంటారో, దానికి ఏ జబ్బు అని చెబుతారో ఒకటి రెండైనా రాసి పంపండి. అన్నీ ఒకచోట చేర్చి, ఎవరు చెప్పిన మాట వారి ఊరి పేరుతోనే ఇక్కడ పెడతాను.