ఒకే తేదీ... ఎన్ని జెండాలో!

ఆగస్టు 15 అనగానే మనకు గుర్తొచ్చేది జెండా వందనం, ఇస్త్రీ చేసిన యూనిఫాం, బడిలో పంచే చాక్లెట్లు. ఆ తేదీ అచ్చంగా మన సొంతం అన్నట్టే ఉంటుంది. కానీ అదే రోజున మరో దేశంలో మరో జెండా ఎగురుతుంది. ఇంకోచోట తలలు వంచి మౌనం పాటిస్తారు. వేరొకచోట దుకాణాలకు తాళాలేసి జనమంతా సముద్రపు ఒడ్డుకు బయల్దేరతారు. వీటిలో కొన్ని కాకతాళీయంగా కలిసినవే. కొన్ని మాత్రం కాదు. ఒకదాని కడుపున ఒకటి పుట్టినవి!

పన్నెండు గంటల ప్రసంగం

1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి అణుబాంబులకు బూడిదయ్యాయి. 15న సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలకు జపాన్ రేడియోలో చక్రవర్తి హిరోహితో గొంతు వినిపించింది. అప్పటిదాకా సామాన్య ప్రజలు ఆయన గొంతు విననే లేదు. పైగా ఆయన మాట్లాడింది దర్బారు భాషలో. చాలామందికి సగం అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు మాత్రం భోరుమన్నారు. జపాన్ లొంగిపోయింది!

ఇప్పటికీ ఏటా ఆ రోజున టోక్యోలోని బుడోకాన్ మందిరంలో యుద్ధమృతుల సంస్మరణ సభ జరుగుతుంది. మధ్యాహ్నం 12 కాగానే ఒక నిమిషం మౌనం. చక్రవర్తి కూడా హాజరవుతారు. జపాన్‌లో చాలా ప్రాంతాల్లో 'ఓబోన్' పండుగ కూడా ఆ రోజుల్లోనే. మన మహాలయ పక్షంలాగే అది పితృదేవతలను తలచుకునే పండుగ.

మౌంట్‌బాటన్ ముహూర్తం

మరి మనకూ ఆ తేదీకీ సంబంధం ఏమిటి? ఉంది. 1948 జూన్‌లోగా భారత్‌ను వదిలి వెళ్తామని బ్రిటిష్ ప్రభుత్వం మొదట ప్రకటించింది. ఆఖరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ దాన్ని బాగా ముందుకు జరిపేశారు. 1947 జూన్‌లో విలేకరుల సమావేశంలో తేదీ గురించి ప్రశ్న ఎదురైతే ఆగస్టు 15 అనేశారు. ఆ తేదీ అప్పటికప్పుడు తట్టిందని ఆయనే తర్వాత చెప్పుకొన్నారు. యుద్ధంలో ఆగ్నేయాసియా మిత్ర సేనలకు అధిపతి ఆయనే. అందుకే జపాన్ లొంగుబాటుకు రెండేళ్లు నిండే రోజు ఆయన మనసులో మెదిలింది.

శుక్రవారం, పైగా ముహూర్తం బాగాలేదని జ్యోతిష్కులు గగ్గోలు పెట్టారని చెబుతారు. చివరికి రాజ్యాంగ సభ 14 రాత్రే కొలువుదీరింది. అర్ధరాత్రి గంట కొట్టగానే దేశం స్వతంత్రమైంది.

వెలుగు వచ్చింది, గీత పడింది

జపాన్ కన్నీరు పెట్టిన ఆ రోజే కొరియాకు పండుగ. 1910 నుంచి 35 ఏళ్లు జపాన్ ఏలుబడిలో మగ్గిన దేశం అది. దక్షిణ కొరియన్లు ఆ రోజును 'గ్వాంగ్‌బొక్‌జొల్' అంటారు. వెలుగు తిరిగొచ్చిన రోజు అని అర్థం. ఉత్తర కొరియాకూ అది విమోచన దినమే. ఎప్పుడూ కత్తులు దూసుకునే రెండు దేశాలు ఒకే విడుదలను తలచుకునే రోజు ఇది.

కానీ వెలుగుతో పాటే గీతా వచ్చింది. 38వ అక్షాంశం దగ్గర దేశం రెండు ముక్కలైంది. అన్న అటు, తమ్ముడు ఇటు. 2000 సంవత్సరంలో సరిగ్గా ఆగస్టు 15నే రెండు వైపుల నుంచీ వందేసి మంది చొప్పున సరిహద్దు దాటి అయినవాళ్లను కలుసుకున్నారు. అర్ధ శతాబ్దం తర్వాత చూపు! తర్వాత విడతలవారీగా సాగిన ఈ కలయికలు 2018 తర్వాత ఆగిపోయాయి.

ఈ బాధ మనకు కొత్తేమీ కాదు. 1947లో ఆ పండుగ నాటికి భారత్, పాకిస్థాన్ సరిహద్దు ఎక్కడుందో జనానికి తెలియదు. రాడ్‌క్లిఫ్ గీసిన గీతను ఆగస్టు 17న బయటపెట్టారు. బెంగాల్‌లోని మాల్దా, నదియా వంటి జిల్లాల్లో ఏ జెండా తమదో తెలియక జనం రెండు రోజులు అల్లాడారు. గాంధీజీ ఆ రోజు ఢిల్లీ సంబరాల్లో లేరు. కలకత్తాలో ఉపవాసం, ప్రార్థనలతో గడిపారు. పాకిస్థాన్ తొలి స్వాతంత్ర్య తపాలా బిళ్లల మీదా 1947 ఆగస్టు 15 అనే ఉంది. ఆ దేశం పండుగ చేసుకునేది మాత్రం 14న!

మన దగ్గరే చూడండి. ఆ రోజు బెజవాడలో సంబరాలైతే, నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో త్రివర్ణ పతాకం ఎగరేయబోయిన స్టేట్ కాంగ్రెస్ నాయకులు జైలు పాలయ్యారు. ఆ సంస్థానం భారత్‌లో కలిసింది 1948 సెప్టెంబరులో. గోదావరి ఒడ్డునున్న యానాంలో 1954 దాకా ఫ్రెంచివారిదే పాలన.

ఒకచోట విందు... ఒకచోట వేదన

ఆఫ్రికాలో బ్రజావిల్ రాజధానిగా ఉన్న కాంగోకు 1960లో ఇదే రోజున ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ఐరోపాలోని బుల్లి దేశం లీచ్టెన్‌స్టెయిన్‌కు ఇది జాతీయ దినం. పాలించే రాకుమారుడు ప్రజలను తన కోట తోటలోకి విందుకు పిలుస్తాడు. కేథలిక్కులకు మరియమాత మోక్షారోపణ పండుగ. మన తెలుగునాట చర్చిల్లోనూ ఆ రోజు ప్రత్యేక ప్రార్థనలుంటాయి. ఇటలీలో ఆ పండుగ 'ఫెర్రగోస్తో'తో కలిసిపోయింది. అగస్టస్ చక్రవర్తి కాలం నాటి వేసవి సెలవులకు అది వారసురాలు. నగరాలు ఖాళీ, బీచ్‌లు కిటకిట!

తేదీ అర్థం మారిపోయిన చోట్లూ ఉన్నాయి. 1975లో అదే రోజున బంగ్లాదేశ్‌లో షేక్ ముజిబుర్ రెహమాన్‌ను, ఆయన కుటుంబ సభ్యులను హతమార్చారు. దాన్ని జాతీయ సంతాప దినంగా పాటించేవారు. ఆయన కూతురు షేక్ హసీనా ప్రభుత్వం కూలాక, 2024 ఆగస్టులో తాత్కాలిక ప్రభుత్వం ఆ సెలవును రద్దు చేసింది. 2021లో తాలిబన్లు కాబూల్‌లోకి అడుగుపెట్టిందీ ఆగస్టు 15నే. వాళ్లకది విజయోత్సవం. చదువుకు దూరమైన ఆడపిల్లలకు మాత్రం చీకటి మొదలైన రోజు.

క్యాలెండరులో గడి ఒక్కటే. అందులో రాసుకునేది ఎవరి బతుకును బట్టి వాళ్లు. మన పండుగ పూట పక్కవాడి కళ్లలో నీళ్లు కనిపిస్తే పండుగ తక్కువైపోదు. అది ఎంత ఖరీదు పెట్టి కొన్నదో తెలుస్తుంది, అంతే.