నిరుటి కొమ్మకే పువ్వు

మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో హైడ్రాంజియా పెంచుకునేవారికి జూలైలో ఒక దిగులు ఉంటుంది. పొద పచ్చగా, గుబురుగా ఎదుగుతుంది. పువ్వు మాత్రం ఒక్కటీ ఉండదు. ఎరువు చాల్లేదేమోనని ఇంకాస్త వేస్తారు. నత్రజని ఎక్కువై ఆకే మరింత దట్టమవుతుంది.

అక్కడి మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కూ ఉంది. చలికాలం చివర మల్లెపొదకు నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించడం చిన్నప్పటి నుంచీ చూసిన పని. మల్లె కొత్త చిగుళ్ల మీద పూస్తుంది కాబట్టి అది సరైన పనే. నీలం, గులాబీ రంగుల్లో పెద్ద పెద్ద గుత్తులు పూసే మాక్రోఫిల్లా హైడ్రాంజియా తీరు అది కాదు. జపాన్ తీరాల నుంచి వచ్చిన ఆ మొక్క ఈ ఏటి పూలకు నిరుడు వేసవి చివర్లోనే కొమ్మ కొసల్లో మొగ్గ కట్టుకుంటుంది. ఆకు రాలాక ఎండుపుల్లల్లా కనిపించే ఆ కొమ్మలను శుభ్రం చేద్దామని నరికితే వచ్చే ఏడాది పూలన్నీ పోయినట్టే.

నరకకపోయినా చలి ఉంది. వేరు బతుకుతుంది, పై కొమ్మ చస్తుంది. మొదట్లోంచి వచ్చే చిగుళ్లకు ఆకులే. అంతకన్నా బాధపెట్టేది ఏప్రిల్ ఎండకు మేల్కొన్న మొగ్గను మే నెలలో ఒక్క రాత్రి మంచు మాడ్చేయడం. అందుకే నవంబరులో పొద చుట్టూ వల కట్టి, కొమ్మ కొసలు మునిగేదాకా ఎండుటాకులు నింపాలి. వసంతంలో తొందరపడి ఒక్కసారిగా తీసేయకూడదు. ఏది బతికిందో చిగురు చూపించాకే కత్తెర పట్టుకోవాలి. కుండీ అయితే వేడి పెట్టని గ్యారేజీలో ఉంచితే చాలు.

ఇంత శ్రమ పడలేనివారికి ఇల్లినాయిస్ అడవుల్లో దొరికిన తెల్లపూల అనబెల్, శంకువులాంటి గుత్తుల పానిక్యులాటా ఉన్నాయి. అవి ఆ ఏటి చిగురు మీదే పూస్తాయి. మాక్రోఫిల్లాలోనే పాత కొమ్మ మీదా కొత్త చిగురు మీదా పూసే ఎండ్‌లెస్ సమ్మర్ 2004లో మార్కెట్లోకి వచ్చింది. అయినా వేసవి పొట్టిదైన చోట కొత్త చిగురు మీది పూత ఆలస్యంగానే వస్తుంది. ఆమ్ల నేలలో అల్యూమినియం అందుకుని విచ్చుకునే ఆ నీలం కోసం ఏటా ఆకులు కప్పడానికి సిద్ధపడేవారి ఇష్టాన్ని మేం కాదనం.

మదర్స్ డేకి గ్రీన్‌హౌసుల్లో పూయించి అమ్మే కుండీలు చాలావరకు ఈ మాక్రోఫిల్లాలే. వాటి చీటీ మీద పువ్వు ఫొటోతోపాటు "పూత నిరుటి కొమ్మ మీద" అన్న ఒక్క మాట కూడా అచ్చువేయాలని నర్సరీలను కోరుతున్నాం.