కోట్ల చిత్రములు – ప్రేక్షకుని జేబు

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ రాత్రి 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శనకు మామూలు ధరపై 800 రూపాయలు అదనముగా వసూలు చేసికొన తెలంగాణ ప్రభుత్వ మనుజ్ఞ యొసంగెను. ఎ.ఎస్. రావు నగరమువంటి నెలజీతముల పేటలో నలుగురు గల సంసారమునకు ఆ యదనమే 3,200 రూపాయలు. ఆ రాత్రియే నగరమున నొక చిత్రశాలకడ తొక్కిసలాటలో నొక యిల్లాలు ప్రాణములు గోల్పోయిన సంగతి పాఠకులు మరచియుండరు. ఇంత తొందర యేల? వారము దినములు తాళి చూచిన చిత్రము చెడునా? చూచువానికి చెడదు; అమ్మినవానికి చెడును.

గోడపత్రికలపై మెరయు వేయికోట్లు నిర్మాతకు చేరునవి కావు. నూరు రూపాయలకు మించిన టిక్కెట్టుపై నూటికి 18 వంతున పన్ను ముందుగా పోవును. పిమ్మట చిత్రశాల అద్దె తీసివేయగా మిగిలినదానినే వర్తకులు 'షేరు' అందురు. పెద్ద నిర్మాత తఱచు ఆ షేరుకొఱకై కాచుకొని యుండడు. నైజాము, సీడెడు, ఉత్తరాంధ్రము అని నేలను పంచి, చిత్రము విడుదల కాకమునుపే హక్కుల నమ్మివేయును. సొమ్ము తిరిగి రానిచో మునుగువాడు కొన్నవాడే. పరభాషల హక్కులు, టెలివిజను, పాటలు, అంతర్జాల ప్రసారము వేఱుగా అమ్ముడుపోవును. 2017లో 'బాహుబలి' రెండవభాగము హిందీ ప్రతియే 500 కోట్లకు మించి నికరముగా వసూలు చేసిన పిదప మనవారి యాశలకు మేర లేకపోయినది.

వడ్డీ మాట వేఱుగ చెప్పవలయునా? 'ఆర్.ఆర్.ఆర్.' 2020 జులైలో రావలసినది. వాయిదాలు పడి 2022 మార్చి 25న వచ్చినది. అప్పు తెచ్చిన నిర్మాతకు ఒక్కొక్క వాయిదా ఒక్కొక్క పిడుగు. పైగా కొలది వారములలో చిత్రము ఇంటి తెరపైకే వచ్చునని యెఱిగినవాడు చిత్రశాలకేల పోవును? కావున పెట్టుబడి మొదటి నాలుగైదు దినములలోనే పిండుకొనవలసి వచ్చుచున్నది. ధర పెంపునకై సచివాలయమున విజ్ఞాపనము లందుకే.

ఏలికల కీ విషయమున స్థిరమైన నీతి కానరాదు. 2024 డిసెంబరులో ఇక పెంపు లేదని శాసనసభలో చెప్పిరి. 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'కు అనుజ్ఞ నిచ్చిరి. ఉన్నతన్యాయస్థాన మాక్షేపింపగా ఉపసంహరించుకొనిరి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చేసిన నిబంధన మాకు మేలుగా దోచుచున్నది. నాయకుని, నాయిక, దర్శకుని పారితోషికములు మినహాయించి వ్యయము 100 కోట్లు మించిన చిత్రములకే పది దినముల పెంపని అందు గలదు. తెరపై కనబడు వ్యయమునకు ప్రేక్షకుడు కొంత యిచ్చుకొనవచ్చును. నటుని ప్రతిఫలము పెరిగినదని పాలవానికి బాకీ పెట్టి టిక్కెట్టు కొననేల?

చిత్రశాలల యజమానులును సుఖముగా లేరు. మొదటి వారమున అద్దె, జనము పలుచబడిన పిమ్మట వాటా ముట్టజెప్పుచున్నారని 2025 మే నెలలో వారు మొరవెట్టుకొని, జూన్ 1 నుండి తలుపులు మూయుదు మనిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో నూరు రూపాయల లోపు టిక్కెట్టుపై పన్ను నూటికి 5కు తగ్గినది. అయితే పెద్ద చిత్రమునకు ఆ ధర టిక్కెట్టును మన పేటలో దీపము పెట్టి వెదకవలసినదే.

పెంపు కోరు ప్రతి నిర్మాతయు తనిఖీ చేయించిన జమాఖర్చును, పారితోషికములను వేఱుగా జూపి, దాఖలు చేయవలెను. ఆ పత్రమును ప్రభుత్వము ఉత్తరువునకు ముందుగా ప్రజలముందుంచవలెను. టిక్కెట్టు కొనువాడు దానిని చూచుకొనును.