నడుము నొప్పికి చట్టంలో చోటేదీ?

బస్తర్ అడవుల నడుమ ఎద్దు మూపురాన్ని తలపించే కొండల వరుసకు బైలాడిలా అని పేరు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో అక్కడి కిరండూల్‌లోనూ, 1977లో బచేలిలోనూ ఇనుప ఖనిజం తవ్వకం ప్రారంభించింది. ఆ ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖపట్నం చేరుతున్నది. ఎన్ని టన్నులు తవ్వారు, ఎంత లాభం వచ్చింది, రాష్ట్ర ఖజానాకు ఎంత రాయల్టీ జమపడింది అన్న లెక్కలు ఏటా పత్రికలలో వస్తూనే ఉంటాయి. ఆ కొండల మీద డంపర్లు, డోజర్లు నడుపుతూ పాతికేళ్లు గడిపిన కార్మికుల నడుముల సంగతి మాత్రం వార్తలకెక్కడం అరుదు.

గని రోడ్లు తారు రోడ్లు కావు. పదుల టన్నుల ఖనిజంతో డంపర్ గుంతలలో పడి లేచిన ప్రతిసారీ ఆ కుదుపు సీటు ద్వారా ఆపరేటర్ వెన్నెముకకు చేరుతుంది. దీనినే వైద్యులు పూర్తి దేహ కంపనం అంటారు. ఏళ్ల తరబడి ఈ కంపనానికి గురైన వారిలో నడుము కింది భాగపు వెన్నుపూసల మధ్యనున్న డిస్కులు దెబ్బతినే ప్రమాదం ఎక్కువని వైద్య పరిశోధనలు వెల్లడించాయి. జారిన డిస్కు పక్కనే ఉన్న నరపు మూలాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం వరకు పాకుతుంది. ఇదే సయాటికా, ఆయుర్వేదంలో గృధ్రసి. ఇది ముదిరిన మనిషి అరగంట కూర్చోలేడు, వంగి బిందె ఎత్తలేడు. అయితే బయటికి చూస్తే కాళ్లూ చేతులూ సక్రమంగానే ఉంటాయి. అతనికి వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ప్రమాదమైతేనే పరిహారం

మన దేశంలో పనివల్ల కలిగిన హానికి పరిహారం ఇప్పించే విధానం 1923 నాటి కార్మిక పరిహార చట్టంతో మొదలయింది. ఆ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో విలీనం చేయగా, ఆ స్మృతి 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. పేరు మారినా మూలసూత్రం మారలేదు. పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం చెల్లించాలి. వ్యాధి అయితే అది షెడ్యూలులో పేర్కొన్న వృత్తి వ్యాధి కావాలి. షెడ్యూలులో లేని వ్యాధి అయితే, పనిలో జరిగిన ఒక నిర్దిష్టమైన ప్రమాదం వల్లనే అది నేరుగా వచ్చిందని రుజువు కావాలి.

ఈ మూడవ నిబంధనే డంపర్ ఆపరేటర్‌కు అడ్డుగోడగా నిలిచింది. డంపర్ బోల్తాపడి వెన్ను విరిగితే ఆ ప్రమాదానికి తేదీ ఉంటుంది, రిజిస్టరులో నమోదు ఉంటుంది, సాక్షులు ఉంటారు. ఇరవై ఏళ్లలో లక్షల కుదుపులకు అరిగిపోయిన వెన్నుకు ఏ తేదీ వేయాలి? ఏ కుదుపును ప్రమాదంగా చూపాలి? ఒక్క రోజులో జరిగిన హానిని గుర్తించిన చట్టం, సర్వీసు పొడవునా జరిగిన హానిని గుర్తించకపోవడం శోచనీయం.

షెడ్యూలులో నడుము నొప్పి, సయాటికా పేర్లు లేవు. సీసం, పాదరసం వంటి విషాలు, సిలికోసిస్ వంటి ధూళి వ్యాధులు, రేడియో ధార్మికత, మోత వల్ల కలిగే చెవుడు అందులో ఉన్నాయి. చెవుడు కూడా ఒక్క రోజులో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి మోత విన్న చెవికి ఇచ్చిన గుర్తింపును, అన్నేళ్లూ అదే యంత్రం కుదుపులు భరించిన వెన్నుకు ఎందుకు ఇవ్వకూడదు? 2007లో జరిగిన జాతీయ గని భద్రతా సదస్సు, యంత్రాలను గనుల్లో ప్రవేశపెట్టే ముందే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కంపన పరీక్షలు జరపాలని సిఫారసు చేసింది. కంపనం హానికరమని ఒప్పుకున్న వ్యవస్థ, ఆ హాని జరిగిన తరువాత బాధితుని గతి ఏమిటో మాత్రం చెప్పలేదు.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. జర్మనీ 1993లోనే దీర్ఘకాలిక కంపనం వల్ల, బరువులెత్తడం వల్ల కలిగే నడుము డిస్కు వ్యాధులను వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఫ్రాన్సు 1999లో మరింత స్పష్టంగా, డిస్కు జారడం వల్ల వచ్చే సయాటికాను పేరు పెట్టి గుర్తించింది. డంపర్ వంటి వాహనాలపై ఐదేళ్లు పనిచేసి ఉండాలని షరతు విధించింది. కార్మికుడు రోజుకు ఎంత కంపనానికి మించి గురికాకూడదో ఐరోపా సమాజం 2002లో పరిమితులు నిర్ణయించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో కంపన సంబంధ వ్యాధులు, కండరాలు-కీళ్ల రుగ్మతలు ఉన్నాయి.

దీనికి ఒక అభ్యంతరం చెప్పేవారున్నారు. నడుము నొప్పి రాని మనిషి లేడు. వయసుతో పాటు అందరి డిస్కులూ అరుగుతాయి. నొప్పి నటించడం తేలిక. తలుపు తెరిస్తే ప్రతివారూ పరిహారం అడుగుతారు అన్నది వారి వాదం. ఇందులో నిజం లేకపోలేదు. 2020లో ప్రపంచంలో సుమారు 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. వారిలో అధికుల నొప్పి కొద్ది వారాలలో తగ్గిపోయేదే. ఏ నొప్పీ లేనివారి స్కానింగులో కూడా డిస్కు ఉబ్బు కనిపించవచ్చు. అయితే ఫ్రాన్సు పరీక్ష చాలా కట్టుదిట్టమైనది. నరం ఏ చోట నొక్కుకుపోయిందో, కాలిలో నొప్పి ఆ నరం దారినే ఉన్నదా, ఎన్నేళ్లు ఎటువంటి యంత్రంపై పనిచేశాడు అన్న మూడు విషయాలూ ఒకదానితో ఒకటి సరిపోలాలి. నటనతో ఇది నెగ్గదు. కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయంతో అర్హులందరికీ తలుపు మూయడం న్యాయం కాదు.

శాతాల చిక్కు

పరిహారం దక్కనివారు ఆశ్రయించే రెండవ మార్గం వికలాంగ ధ్రువీకరణ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చలన వైకల్యాన్ని విశాలంగానే నిర్వచించింది. కండరాలు, ఎముకలు, నాడీ వ్యవస్థ దెబ్బతిని తాను కదలడానికి గాని, వస్తువులను కదల్చడానికి గాని అశక్తుడైన వానిని అది చలన వైకల్యం గలవాడిగా పరిగణిస్తుంది. సయాటికా రోగి ఈ నిర్వచనానికి దూరం కాడు. కాని రిజర్వేషన్లు, ప్రధాన ప్రయోజనాలు దక్కాలంటే వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. ఈ శాతాన్ని లెక్కగట్టే పద్ధతి కీళ్ల కదలిక, కండర బలం, స్పర్శ లోపం వంటి కంటికి కనిపించే, కొలతకు అందే లక్షణాలకు ప్రాధాన్యమిస్తుంది. కూర్చోలేకపోవడం అన్న బాధ ఈ తూకంలో తేలిపోతుంది.

న్యాయస్థానాలు ఈ విషయంలో చట్టకర్తల కంటే ముందున్నాయి. ఎడమ చేయి కోల్పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లోనే, అతడు ఇక వడ్రంగం చేయలేడు గనుక సంపాదనా శక్తి నష్టం నూరు శాతమేనని తేల్చింది. 2010లో ఒక రోడ్డు ప్రమాద కేసులో వైద్యుడు వేసిన శాతం వేరు, జీవనోపాధికి కలిగిన నష్టం వేరని వివరించింది. చేయి పోయిన డ్రైవరుకు బతుకుదెరువే పోవచ్చుననీ, అదే గుమాస్తాకు సంపాదన తగ్గకపోవచ్చుననీ ఉదాహరించింది. 1990లో రాజస్థాన్ ఆర్టీసీ డ్రైవర్ల కేసులో, వృత్తి కారణంగానే చూపు దెబ్బతిన్న వారిని చేతులు దులుపుకొని పంపడం తగదనీ, ప్రత్యామ్నాయ ఉద్యోగమో అదనపు పరిహారమో ఇవ్వాలనీ ఆదేశించింది. వర్ణాంధత్వం పేరిట తొలగించిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది. చూపునకు వర్తించిన న్యాయం వెన్నుకు వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

2016 చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం ప్రాప్తించిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. అదే జీతంతో తగిన మరో పనికి మార్చాలి. ప్రభుత్వరంగ సంస్థ గనుక బైలాడిలాలోని పర్మినెంటు ఉద్యోగికి ఈ రక్షణ ఉన్నది. కాంట్రాక్టరు కింద పనిచేసేవానికి ఈ నీడ కూడా లేదు. ఈఎస్ఐ విషయంలోనూ గని కార్మికుడు వెనుకబడే ఉన్నాడు. డిస్కు జారిన కార్మికునికి వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు చెల్లించే దీర్ఘకాల అనారోగ్య ప్రయోజనం ఈఎస్ఐలో ఉన్నది. కాని 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి గనులను మినహాయించింది. పదిమంది పనిచేసే ప్రతి సంస్థనూ పరిధిలోకి తెస్తామంటున్న కొత్త స్మృతి గని కాంట్రాక్టు కార్మికునికి ఈ సౌకర్యం కలిగిస్తుందా లేదా అన్నదే ఇప్పుడు గమనించవలసిన విషయం.

గని వెలుపలి వారి మాట

గని గేటు వెలుపలి బస్తర్‌లో పరిస్థితి మరీ దయనీయం. తునికాకు కట్టలు, కట్టెల మోపులు మోసేవారు, మిరప కోతలకు ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలకు వలస వచ్చి రోజంతా నడుము వంచి పనిచేసే ఆదివాసులు ఏ యజమానిపై దావా వేయగలరు? ఏటా 20 రూపాయల ప్రీమియంతో నడిచే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ప్రమాదాలకే పరిమితం. కేంద్రం ఇచ్చే వికలాంగ పింఛను వాటా నెలకు 300 రూపాయలు. అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సామాజిక భద్రతా పింఛనును 2023-24 బడ్జెట్‌లో 350 నుంచి 500 రూపాయలకు పెంచింది. తెలంగాణలో 2023 నుంచి వికలాంగ పింఛను 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000 రూపాయలు. శబరి నదికి ఆవల కొంటాలో ఉన్న మనిషి నడుముకూ, ఈవల చింతూరులో ఉన్న మనిషి నడుముకూ ఇంత తేడా ఉండడం సమంజసమేనా?

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. మొదటిది, దీర్ఘకాల కంపనం వల్ల, భారపు పనుల వల్ల కలిగే నడుము డిస్కు వ్యాధిని స్పష్టమైన షరతులతో వృత్తి వ్యాధుల షెడ్యూలులో చేర్చాలి. ప్రకటన ద్వారా షెడ్యూలును విస్తరించే వీలు ప్రభుత్వానికి ఉన్నది. పార్లమెంటులో కొత్త చట్టం అక్కరలేదు. రెండవది, ఏ యంత్రంపై ఎన్నేళ్లు పనిచేశాడో, ఆ యంత్రపు కంపనం ఎంతో నమోదు చేసి, ఆ ప్రతిని కార్మికుని చేతికి ఇవ్వాలి. కాంట్రాక్టరు మారినా ఆ రికార్డు అతని వెంటనే ఉండాలి. ఈ కాగితం లేనిదే షెడ్యూలులో చేర్చినా ఫలితం శూన్యం. మూడవది, గని కార్మికులకు నిర్ణీత కాలంలో జరిపే వైద్య పరీక్షలలో ఊపిరితిత్తులు, చెవులతో పాటు వెన్నెముకనూ పరీక్షించాలి. నాలుగవది, వైకల్యాన్ని అంచనా వేసే మెడికల్ బోర్డు రోగి ఎంత వంగగలడో చూడడంతో సరిపెట్టక, తన పని తాను చేసుకోగలడా అన్న ప్రశ్నకు కూడా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. చివరిగా, గని రోడ్లను చదును చేయడానికీ, కుదుపు తగ్గించే సీట్లు అమర్చడానికీ అయ్యే ఖర్చు పరిహారాల భారం కంటే తక్కువేనని యాజమాన్యాలు గుర్తించాలి.

ఇందులో కార్మిక సంఘాల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. బోనసు, వేతన ఒప్పందాల చర్చలలో వారు చూపే పట్టుదలలో కొంతైనా ఈ అంశంపై చూపవలసి ఉన్నది. నాలుగు కార్మిక స్మృతుల అమలు ఇప్పుడిప్పుడే మొదలయింది. వందేళ్ల నాటి చట్టాన్ని కాలానుగుణంగా మార్చామని చెప్పుకుంటున్న కేంద్రం, ఆ మాట నిజమని నిరూపించుకోవడానికి ఇదే తరుణం. బైలాడిలా ఖనిజానికి టన్నుకు ఇంత అని ధర కడుతున్న దేశం, దానిని మోసిన వెన్నుకు కూడా విలువ కట్టక తప్పదు.